పెండింగ్ సున్నా

జూన్ 3

ఇవాళ ఆఫీసు హాల్లో పెద్ద టీవీ బిగించారు. ఒక్కో విభాగం పేరు, దాని ఎదురుగా పెండింగ్ ఫైళ్ల అంకె. మా లైసెన్సుల విభాగం అన్నిటికన్నా అడుగున, ఎర్ర అక్షరాల్లో. క్యూలో నిలబడ్డ జనం దాన్ని చూపించుకుని నవ్వుకుంటున్నారు. ఒకాయన నాకు వినపడేట్టే అన్నాడు, "ఈ టీవీకి లైసెన్సు ఎవరిచ్చారో, ఇంత తొందరగా వచ్చింది."

పెద్దసారు గదిలోకి పిలిచారు. "చూడండమ్మా, ఆ ఎరుపు నా కంటపడకూడదు. ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నారు.

ఏం చెయ్యాలో నాకు ఎప్పుడో తెలుసు. చెయ్యమని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే.

వదిన గుర్తొచ్చింది. మావారికి ఒక్కతే అక్క. భర్త పోయాక మిగిలింది ఆ మేడ ఒక్కటే. దాన్ని ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకి హాస్టల్‌గా మార్చుకుంటానని పోయినేడు దరఖాస్తు పెట్టుకుంది. అది ఇప్పటికీ మా ఆఫీసులోనే ఉంది. మా ఇన్‌స్పెక్టరు వెళ్లి ఇల్లంతా తిరిగి మెట్లు ఇరుకన్నాడు. మళ్లీ వెళ్లి మెట్లు సరే, పంపు కారుతోందన్నాడు. చెయ్యి తడిస్తే తప్ప ఆయన కంటికి మెట్లు వెడల్పవవు. ఎవరెళ్లి అడిగినా "రేపు రండి" అంటాడు. ఆఫీసంతా ఆయన్ని వెనకాల రేపురండి అనే పిలుస్తుంది.

మా వదిన విషయం నేను కల్పించుకుంటే పక్షపాతం అంటారని నోరు మెదపలేదు. ఆవిడా ఒక్కసారి అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ గుచ్చుతోంది.

జూన్ 19

మీటింగులో నా పథకం చెప్పాను. దరఖాస్తు తిరిగే బల్లలన్నీ తీసేసి రెండే ఉంచాలి. ఇన్‌స్పెక్టరు వెళ్లి చూడ్డం తీసెయ్యాలి. లైసెన్సు ఇచ్చాక ఏడాది మధ్యలో చెప్పకుండా వెళ్లి చూసే తనిఖీ కూడా తీసెయ్యాలి, ఎందుకంటే అది తనిఖీ కాదు, వసూలు. యజమాని తనే ప్రశ్నలకి అవునో కాదో చెప్పి, ఫొటోలు పెట్టి, తప్పయితే శిక్ష నాదే అని ఒప్పుకుంటే చాలు. ఒక్కరోజులో లైసెన్సు.

రేపురండి లేచి నిలబడ్డాడు. "కళ్లతో చూడకుండా ఎలా ఇస్తాం మేడమ్?"

"మీ కళ్లు ఏం చూస్తాయో మాకందరికీ తెలుసులెండి" అన్నాను.

గది గొల్లుమంది. ఆయన మొహం కందగడ్డలా అయింది. ఇలా రాయడం బాగుండదు కానీ, హాయిగా అనిపించింది.

జూలై 8

మొదటి రోజు. వదిన పొద్దున దరఖాస్తు పెట్టింది, మధ్యాహ్నానికి లైసెన్సు చేతికొచ్చింది. కౌంటర్ దగ్గరే కళ్లు తుడుచుకుంది. "నువ్వు చేశావా అమ్మాయ్?" అంది. "నేనేం చెయ్యలేదు వదినా, కంప్యూటర్ ఇచ్చింది. ఇక ఎవరికైనా ఇంతే" అన్నాను. నిజంగానే నేను ఆ దరఖాస్తు తెరిచి కూడా చూడలేదు.

సాయంత్రం మావారు స్కూలు నుంచి వస్తూ మిఠాయి తెచ్చారు. ఆయన పిల్లలకి లెక్కలు చెబుతారు, ఇంట్లో మాటలు కూడా లెక్కగానే వస్తాయి. అలాంటిది ఇవాళ, "మా అక్క నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో" అన్నారు.

ఆగస్టు 21

ఆకుపచ్చ!

సెప్టెంబరు 12

పెండింగ్ సున్నా. టీవీలో మా విభాగం అన్నిటికన్నా పైన ఉంది. వేరే ఊళ్ల నుంచి అధికారులు చూడ్డానికొచ్చారు. పెద్దసారు నన్ను ముందుకి నెట్టి, "అంతా ఈవిడ పుణ్యమే" అన్నారు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. బట్టలు కుట్టుకునే ఒక ముసలావిడ కొట్టు లైసెన్సు తీసుకుని కౌంటర్ దగ్గర్నుంచి కదలదు. ఏమైందండీ అంటే, "ఇంకా ఎవరి దగ్గరికెళ్లాలో చెబుతారని" అంది. ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు, ఇంటికి వెళ్లండి అంటే నమ్మలేదు. బయటిదాకా వెళ్లి మళ్లీ తిరిగొచ్చి అడిగింది.

నేను బతికి ఏం చేశానని ఎవరైనా అడిగితే ఆ ముసలావిణ్ణి చూపిస్తాను.

నవంబరు 16, ఆదివారం

వదిన ఇంట్లో భోజనం. హాస్టల్ నిండిపోయింది. మెట్ల మీద చెప్పులు, తీగల మీద బట్టలు, ఒక గదిలో పాట, ఒక గదిలో పోట్లాట. ఆ ఇల్లు ఇంత సందడిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

చేతులు కడుక్కోవడానికి కింది బాత్రూములోకి వెళితే చీకటి. పైనున్న వెంటిలేటర్‌కి చెక్క కొట్టేసి ఉంది. పక్కన మేడ లేస్తోంది, కూలీలు తొంగిచూస్తున్నారని పిల్లలు గోల పెడితే వడ్రంగిని పిలిచి మూయించానంది వదిన. మంచి పని చేశారన్నాను. గ్యాస్ గీజర్ దాని పక్కనే గోడకి ఉంది.

కళ్లద్దాల షాపులో పనిచేసే పిల్ల ఒకతి నా పక్కన కూర్చుని తింది. గలగలా మాట్లాడుతుంది. నా అద్దాలు తీసుకుని తిప్పి చూసి, "ఇవి మీ ముక్కుకి నప్పలేదండీ, మా షాపుకి రండి, మొహమే మార్చేస్తా" అంది. అందరం నవ్వాం. లేచేటప్పుడు, "ఈ మధ్య స్నానం చేసొస్తే చాలు తల దిమ్మెక్కిపోతోందండీ, అద్దాలమ్మే దాన్ని నాకే కళ్లు కనబట్టం లేదు" అంది. ఖాళీ కడుపుతో వేడినీళ్లు పోసుకుంటే అంతే, ఏదైనా తిని స్నానం చెయ్యమన్నాను. సరేనంది.

తిరిగొస్తుంటే మావారు, వదిన ఒళ్లు చేసిందన్నారు. నిజమే.

నవంబరు 30

చలి బాగా ఎక్కువైంది. అవార్డుకి నా పేరు పంపారట.

డిసెంబరు 9

ఆ కళ్లద్దాల పిల్ల పోయింది. పొద్దున బాత్రూములోంచి ఎంతకీ రాకపోతే తలుపు పగలగొట్టారు. గీజర్ ఇంకా మండుతూనే ఉందట. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయింది.

డిసెంబరు 10

లైసెన్సు ఇచ్చిన నాటికి వెంటిలేటర్ తెరిచే ఉంది. దరఖాస్తులో వదిన పెట్టిన ఫొటో ఇవాళ తెరిచి చూశాను. గాలి వస్తుందా అన్న ప్రశ్నకి వదిన అవునంది, అది ఆ రోజుకి నిజమే. అంటే రేపురండి వెళ్లి చూసినా లైసెన్సు వచ్చేది. ఎవరు చూసినా వచ్చేది.

డిసెంబరు 11

ఆ పిల్ల తలనొప్పి అని మాత్రమే అంది. తలనొప్పి ఎవరికి రాదు?

నేను ఆ ఇంటికి భోజనానికి వెళ్లాను. తనిఖీకి వెళ్లలేదు.

డిసెంబరు 12

ఆఫీసులో టీవీ ఎప్పట్లాగే ఉంది. సున్నా.

డిసెంబరు 13

స్నానం చేశాక, అంది. తలనొప్పి అనలేదు, దిమ్మెక్కిపోతోంది అంది. స్నానం చేశాక.

డిసెంబరు 15

వదినని తీసుకెళ్లారు. మావారు పోలీస్ స్టేషన్‌లో చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చారు. ఇంటికొచ్చాక, "చెక్క కొట్టించిన సంగతి మనం చూశాం కదా" అన్నారు. 'నువ్వు' అనలేదు. 'మనం' అన్నారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం పెద్దసారు పిలిచి తలుపు వేయించారు.

"విచారణకి కమిటీ వేస్తున్నారు. భయపడకండి. మన పద్ధతిలో తప్పేం లేదు. యజమాని ఒప్పందం మీరి చెక్క కొట్టించింది. శిక్ష ఆవిడదే అని ఆవిడే రాసిచ్చింది. అంతే కదా?"

"ఆవిడ మా వదినండీ."

"తెలుసు. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీరు ఆఫీసు పని మీద ఎప్పుడైనా ఆ ఇంటికి వెళ్లారా?"

"ఆఫీసు పని మీద వెళ్లలేదు."

"చాలు. అడిగితే ఆ మాటే చెప్పండి. అది అబద్ధం కూడా కాదు."

కాదు కదా. అబద్ధం కాదు.

డిసెంబరు 18

జైల్లో వదినని చూడనిచ్చారు. మధ్యలో ఇనప జాలీ. మూడు రోజుల్లోనే మనిషి సగమైంది. నేనేం అడగాలో తెలియక భోజనం బాగుందా అన్నాను. ఏం ప్రశ్న అది?

వదినే మాట్లాడింది. "ఆ పిల్లకి నువ్వు తిని స్నానం చెయ్యమన్నావ్ చూడు, ఆ రోజు నుంచీ అలాగే చేసేది. పొద్దున్నే వంటింట్లోకొచ్చి, ఆంటీ, మీ మరదలుగారి వైద్యం, ఏదో ఒకటి పెట్టండి అనేది. నేను రొట్టె ముక్కేదైనా పెట్టేదాన్ని. ఆవేళ కూడా తినే వెళ్లింది."

నేను జాలీ పట్టుకున్నాను.

"విను" అంది. "నువ్వు చెక్క చూశావని నేనెక్కడా అన్లేదు. నువ్వూ అనకు. ఇంటికి ఒక్కళ్ళం చాలు."

"వదినా, నాకు లైసెన్సుల గురించి తెలుసు. మీకు తెలీదు. గీజరున్న చోట గాలి ఆడాలని నేనే ఆ ప్రశ్న..."

"నాకూ తెలుసు" అంది. "గీజర్ పెట్టిన కుర్రాడు చెప్పాడు, వెంటిలేటర్ మూయొద్దని. పిల్లలు సిగ్గుతో చచ్చిపోతున్నామంటే తరవాత చూద్దాంలే అనుకున్నా. ఎవరైనా వచ్చి అడిగితే తీసేద్దాంలే అనుకున్నా. ఇన్‌స్పెక్టర్లు వస్తారని ఎదురుచూస్తూనే ఉన్నా, పాత అలవాటు. ఎవరూ రాలేదు."

వెంటనే మళ్లీ అంది, "నీ తప్పని అనటం లేదమ్మా. ఎవరూ రాలేదు అంటున్నా."

డిసెంబరు 19

మావారిని అడిగాను, కమిటీ ముందు ఏం చెప్పమంటారని. ఆయన పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఎర్ర పెన్ను పక్కన పెట్టారు.

"నువ్వు చెబితే అక్క బయటికొస్తుందా?"

"రాదు. కొంచెం తగ్గుతుందేమో."

"నీ ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"అయితే నన్నెందుకు అడుగుతావ్? నేను ఏదన్నా ఒకళ్ళని అమ్ముకోవడమే కదా" అని పెన్ను తీసుకున్నారు. తరవాత ఆ పేపరు మీద ఒక్క మార్కు కూడా వెయ్యలేకపోయారు.

డిసెంబరు 22

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన మర్యాదస్తుడు, మంచినీళ్లిప్పించాడు.

"ఆఫీసు పని మీద ఆ ఇంటికి వెళ్లారా?"

"వెళ్లలేదు."

"సరే" అని తల వంచి రాసుకోబోయాడు. అక్కడితో అయిపోయేది. గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దసారు మొహంలోకి ప్రాణం వచ్చింది.

"భోజనానికి వెళ్లాను" అన్నాను. "వెంటిలేటర్‌కి చెక్క కొట్టి ఉండటం చూశాను. పక్కన గీజర్ చూశాను. మంచి పని చేశారన్నాను. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని స్నానం చేశాక తల దిమ్మెక్కుతోందని చెప్పింది. ఏదైనా తిని చెయ్యమన్నాను."

ఆయన రాయడం ఆపాడు. "అప్పుడు మీకు అనుమానం రాలేదా?"

వచ్చిందా? వచ్చి ఉంటే ఆ ముద్ద మింగుతూ మింగేశానా? ఆదివారం కదా, భోజనం బాగుంది కదా, వదిన నవ్వుతోంది కదా. చూడ్డం ఇక ఎవరి పనీ కాకుండా నేనే కదా చేసింది. అందులో నేనూ ఉన్నాను.

"గుర్తులేదు" అన్నాను. అది నిజమో కాదో ఈ పేజీలో కూడా రాయలేకపోతున్నాను.

"తనిఖీలు తీసెయ్యడం తప్పంటారా?"

"ఉన్న తనిఖీలు దొంగతనం. వాటిని తీసెయ్యడం తప్పు కాదు. వాటి చోట ఏమీ పెట్టకపోవడం తప్పు. సున్నా చూసి మురిసిపోయాం."

బయటికొచ్చాక పెద్దసారు నా పక్కనుంచే వెళ్లారు. పలకరించలేదు.

డిసెంబరు 23

సస్పెన్షన్.

జనవరి 6

వదినకి బెయిలు రాలేదు. నా మాటల వల్ల ఆవిడకి రవ్వంత కూడా తగ్గలేదట. వకీలు అన్నాడు, "మీరూ దోషే అని తేలింది తప్ప ఆవిడ కాదని తేలలేదు కదండీ."

మావారు వండుతున్నారు, వడ్డిస్తున్నారు, పలకటం లేదు. నేను చెప్పినందుకో, ఆలస్యంగా చెప్పినందుకో అడగలేదు.

జనవరి 12

నా బల్లలో సామాను తెచ్చుకోవడానికి ఆఫీసుకి వెళ్లాను. హాల్లో టీవీ ఆపేశారు. పాత బల్లలన్నీ గోదాములోంచి తెచ్చి వేశారు, కొన్నిటి కాళ్లకింకా బూజు ఉంది. క్యూ గేటు దాకా ఉంది. రేపురండి కొత్త బ్యాగు తగిలించుకుని తనిఖీకి బయల్దేరుతున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. వెటకారం ఏం లేదు. ఉంటే బాగుండేది.

జనన మరణాల కౌంటర్ దగ్గర ఖాకీ చొక్కా మనిషి ఒకాయన నిలబడి గుమాస్తాతో అంటున్నాడు: "డిపోలో సెలవు పొడిగించాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలంటున్నారు బాబూ. హాస్టల్లో కూతురు పోయిందని నోటితో చెబితే చాలదంట. లేకపోతే రేపట్నించి డ్యూటీ ఎక్కాలంట. స్టీరింగ్ పట్టుకుంటే నా చేతులు చూడు, ఎలా ఉన్నాయో."

"ఆ హాస్టల్ లైసెన్సు రద్దయింది పెద్దాయనా. ఆ అడ్రసు కొడితే కంప్యూటర్ తీసుకోవట్లేదు. లైసెన్సుల విభాగం వాళ్లు రాసివ్వాలి."

"వాళ్లు మిమ్మల్ని అడగమన్నారు."

నేను వెళ్లి గుమాస్తాతో అన్నాను, అడ్రసు చోట ఆస్పత్రి పేరు కొట్టు, పోయిందని రాసిచ్చింది అక్కడి డాక్టరే కదా అని. అతను తల దించుకుని, "ఇదివరకైతే చిటికెలో ఇచ్చేవాణ్ని మేడమ్. మీ గతి చూశాక ఇక్కడ ఎవడు సంతకం పెడతాడు చెప్పండి?" అన్నాడు.

ఆయన్ని వెంటబెట్టుకుని గదులన్నీ తిరిగాను. మా విభాగంలో విచారణ తేలాలన్నారు. న్యాయ విభాగంలో రాతపూర్వకంగా అడగమన్నారు. పెద్దసారు తీరిక లేదన్నారు. ప్రతి గదిలోనూ నన్ను చూసి లేచి నిలబడ్డారు, ఆయన కాగితం చూసి కూర్చున్నారు. ఇన్నాళ్లూ నేను బల్లకి ఇవతలే ఉన్నాను. అవతలి నుంచి ఈ ఆఫీసు ఎంత పొడుగో ఇవాళ తెలిసింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. "మీకెందుకమ్మా ఇంత శ్రమ? మీరిక్కడ పనిచేస్తారా?" అన్నాడాయన.

చెప్పాను. నేనెవరో, వదిన నాకేమవుతుందో, చెక్క, గీజర్, భోజనం, అన్నీ.

ఆయన చేతులు వణకడం ఆగిపోయింది.

"తల తిరుగుతోందని మీతో చెప్పిందా?"

"చెప్పిందండీ."

"మాతో చెప్పలేదు. చెబితే ఉద్యోగం మానేసి ఇంటికొచ్చెయ్యమంటామని భయం. వాళ్లమ్మ రోజూ ఫోన్లో అడిగేది, ఒంట్లో ఎలా ఉందే అని. బ్రహ్మాండం అనేది." ఆయన లేచాడు. "మీ ఒక్కరితోనే చెప్పింది."

కౌంటర్ మూసేశారు. ఆయన అక్కడే నిలబడి నావైపు చూడకుండా అన్నాడు, "మీరిక నాతో రాకండి."

జనవరి 13

రావద్దన్నాడు. వెళ్లాను.

నిన్న నేను గదులన్నీ తిప్పినందుకో, పేపర్లో వస్తుందన్న భయానికో, సర్టిఫికెట్ తయారై ఉంది. గుమాస్తా చూపించాడు. ఇవ్వమంటే, "మీరు ఆయనకేమవుతారు మేడమ్?" అన్నాడు, మొహమాటంగా. ఏమీ కానన్నాను. ఇవ్వలేనన్నాడు.

బస్టాండుకి వెళ్లి డిపోవాళ్లని అడిగితే బండి నంబరు చెప్పారు. ఆయన డ్యూటీ ఎక్కేశాడు. బస్సు నిండా జనం, మెట్ల మీద కూడా. ముందు తలుపు నుంచి ఎక్కి డ్రైవరు సీటు దగ్గరకి వెళ్లి, సర్టిఫికెట్ వచ్చిందండీ, మీరొచ్చి తీసుకోవాలట అన్నాను.

ఆయన అద్దంలోంచి వెనక జనాన్ని చూస్తున్నాడు. "కారణం ఏమని రాశారు?"

"ప్రమాదవశాత్తు ఊపిరాడక, అని."

ఆ మాట ఆయన నెమ్మదిగా పెదాలతో అనుకున్నాడు, అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లాడిలా. వెనక నుంచి ఎవరో, ఇంకెంతసేపు పోనీవయ్యా అని అరిచారు. ఆయన గేరు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మళ్లీ వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"దిగండమ్మా" అన్నాడు. "జనం ఎక్కి ఉన్నారు."

దిగాను.